బొటనవేలు

ఈ సీజను మొదట్లో మాకందరికీ ఒక గ్రూపు పెట్టినారు.
పేరు: పల్పు యూనిట్, రాత్రి షిఫ్టు.
పెట్టింది నౌషాద్ సారు.
పైన బొమ్మ తోతాపురి కాయది,
ముక్కు వంకర, ఒక చెంప ఎరుపు.

అంతకు ముందు మా మాటలకు
కాటా రూములో ఒక నోటుబుక్కు ఉండేది,
దారంతో మేకుకు కట్టిన పెన్ను.
పూతలపట్టు రోడ్డులో ట్రాక్టర్లు
మిట్టదాకా నిలబడిపోయిన రాత్రుల్లో
దాన్ని ఎవరు చదివినారు?
రసం మరకలకు పేజీలు అతుక్కోని
జూన్ నెలంతా ఒకే కాగితమయ్యేది.
అరుపే మా అసలు భాష.
కాటా నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి బాయిలరుకు
మాట నడిచిపోయేసరికి
పన్నెండు టన్నులు పదకొండయ్యేది,
'ఆపు' కాస్తా 'ఊపు' అయ్యేది.

ఫోన్లలోకి వచ్చినాక సుఖమే అనుకున్నాము.
కాయలేరే బల్ల కాడి నుంచి రెడ్డెమ్మక్క
పుచ్చిన కాయలకు ఫొటో కొడుతుంది.
ల్యాబులో హేమసుందరి బ్రిక్సు నంబరు వేస్తుంది.
పెరుమాళ్ మాత్రం ప్రతి తెల్లారీ
పూలూ శుభోదయమూ పంపిస్తాడు,
రాత్రంతా మా పక్కనే మేలుకోనుండి.

చెంగల్రాయుడు మామకు చదువు రాదు.
ముప్పై ఏండ్లు జీతం రిజిస్టర్లో
ఎడమ బొటనవేలు నీలంగా ఒత్తినాడు.
ఇప్పుడదే వేలు పచ్చగా
తెరమీద లేచి నిలబడింది.
ఏ మెసేజి వచ్చినా ఒకటి కొట్టేస్తాడు.
ఒకసారి చావు కబురుకు కూడా కొట్టినాడు,
నవ్వలేక, తిట్టలేక మేము.

ఆ రాత్రి రెండున్నర.
'మూడో లైను ఆవిరి ఆపండి, గాస్కెట్టు పోయింది.'
నౌషాద్ సారు చెప్తా ఉంటే
టైపు చేసింది నేనే.
వేలు లేచింది.
నాకు అది: ఆపినాను.
సారుకు: ఆపుతాను.
మామకు ఇంకేదో.
ఆ సందులో
చెయ్యి పెట్టినాడు ఫిట్టరు మురుగయ్య.

మోచేతిదాకా బొబ్బలు.
చిత్తూరు పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు.
గ్రూపులో ఆ పొద్దు పూలు కూడా రాలేదు.
మూడోనాడు ఆఫీసు నుంచి నియమాలు వచ్చినాయి,
రెండు పేజీలు, ఇంగ్లీషులో.
మామ దానికీ వేలు కొట్టినాడు.

పోయి బాయిలరు పక్కన కూర్చున్నాను.
'మామా, ఆ వేలికి నీ లెక్కలో అర్థమేంది?'
ఆయన కొరివి సర్దుతా అన్నాడు:
'పిలిస్తే పలకల్ల గదా పాపా.
పలికినా.'

పలికితే చాలునా అని నోటిదాకా వచ్చింది.
నేను చేసింది మాత్రమేంది?
రాసినాను, పంపినాను,
నా పని అయిందనుకున్నాను.

ఆయన వేలు పట్టుకోని మైకు గుర్తు మీద పెట్టినాను.
ఒత్తిపట్టుకో, మాటయినాక వదులు.
'వదిలితే పోతుందా?'
పోతుంది.
'ఎవరికి?'
అందరికీ.
ఆ మాటకు మామ
తుండుతో మూతి తుడుచుకోని
గొంతు సవరించుకున్నాడు.

అప్పటి నుంచి ఏ లైను ఆపినా గొంతే రావల్ల.
'మూడోది మూసేసినా. ముల్లు కిందికి పడింది.
నేనే చూసినా, చెంగల్రాయుణ్ణి.'
అది వినిందాకా ఎవరూ పైపు ముట్టరు.
మాట వెనకాల ఆవిరి సద్దు వినబడుతుంది.
అది సన్నగిల్లేదీ వినబడుతుంది.

ఆగస్టులో కాయ అయిపోయింది.
కాటా మీద ఈగలు కూడా లేవు.
ఎవరి ఊర్లకు వాళ్ళు పోయినాము,
గ్రూపు నుంచి మాత్రం ఎవరూ పోలేదు.
మొన్న రాత్రి రెండున్నరకు
మామ గొంతు, ఏడు సెకండ్లు.
ఆవిరి లేదు. దూరంగా యాడనో కుక్క.
'నిద్ర పట్టలేదు.
ఎవరన్నా మేలుకోనుండారా?'

మొదట పలికింది మురుగయ్య.